‘మిసెస్’ తీసి ‘మిక్స్’ పెడితే పెన్షన్ లెక్క కదిలింది: ఒక కేస్ స్టడీ

సంస్థనూ సభ్యులనూ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. లోపం, దాని కారణం, సవరణ క్రమం మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం.

నేపథ్యం

బ్రిటన్‌లోని ఒక ఉద్యోగ పెన్షన్ పథకానికి సభ్యుల రికార్డులు, ఉత్తరాలు, ఫోన్లు, నెలవారీ చెల్లింపులు చూసేది హైదరాబాద్‌లోని ఒక బ్యాక్ ఆఫీస్. సభ్యుల్లో చాలామంది రిటైరైనవాళ్ళు. వాళ్ళకు పథకంతో ఉండే సంబంధమల్లా ఏడాదికి కొన్ని ఉత్తరాలు, ఎప్పుడైనా ఒక ఫోన్. ఆ ఉత్తరంలో ‘డియర్’ తర్వాత ఏముందో అదే వాళ్ళకు పథకం ముఖం.

రికార్డులో టైటిల్ అనే గడి ఉంది: మిస్టర్, మిసెస్, మిస్, మిజ్, డాక్టర్, రెవరెండ్. ఇరవై ఏళ్ళ కిందట ఆ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఈ జాబితా సరిపోతుందనుకున్నారు. మిస్టర్ అన్నది పెళ్ళయిందో లేదో చెప్పదు, మిస్, మిసెస్ చెప్పేస్తాయి. ఈ తేడా తీసేయడానికి మిజ్ వాడొచ్చని అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రికలో ప్రతిపాదన వచ్చింది 1901లో. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఒప్పుకుంది 1986లో. ఆడా మగా అన్నది కూడా చెప్పని టైటిల్ ‘మిక్స్’ అచ్చులో మొదట కనిపించింది 1977లో. బ్రైటన్ అండ్ హోవ్ నగర కౌన్సిల్ తన ఫారాల్లో దానికి చోటిచ్చింది 2013లో, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి అది ఎక్కింది 2015లో. రాసేటప్పుడు పెద్ద ఎం, చిన్న ఎక్స్. బ్రిటన్‌లో చివర చుక్క పెట్టరు, అమెరికాలో పెడతారు. పలికేటప్పుడు కొందరు మిక్స్ అంటారు, కొందరు మక్స్ అంటారు. ఎవరి టైటిల్ అయితే వాళ్ళనడిగి పలకడమే పద్ధతి.

వచ్చిన సమస్య

అరవై దాటి, అరవై ఐదు ఇంకా నిండని ఒక పెన్షనరు ఉత్తరం రాశారు. తన పేరు ముందున్న మిసెస్ తీసేసి మిక్స్ పెట్టాలి, తన గురించి ఇంకొకరికి రాసేటప్పుడు ‘షీ’ బదులు ‘దే’ వాడాలి. కోరిక ఇంతే. పేరు మారలేదు, చిరునామా మారలేదు.

బ్యాక్ ఆఫీస్ మొదట డీడ్ పోల్ కాపీ పంపమంది. ఇది అక్కర్లేని పని. డీడ్ పోల్ పేరు మార్పుకు రుజువు. మిస్టర్, మిసెస్, మిక్స్ లాంటి టైటిల్స్‌కు ఇంగ్లండ్ చట్టంలో రిజిస్ట్రేషన్ ఏమీ లేదు, మనిషి తాను వాడుకునేదే ఆ మనిషి టైటిల్. మోసం జరుగుతుందన్న భయం ఉంటే, ఫోన్ చేసింది సభ్యులేనా అని చూసే మామూలు గుర్తింపు ప్రశ్నలు చాలు. అంతకన్నా పెద్ద మార్పు అయిన చిరునామాకు అడిగేదే అది. డీడ్ పోల్ అడిగినందుకు మొదటి చిరాకు అక్కడే మొదలైంది.

తర్వాత వరసగా మూడు ఉత్తరాలు వెళ్ళాయి. మార్పు చేశామని చెప్పే ఉత్తరమే ‘డియర్ మిసెస్’ అని మొదలైంది. రెండోది ‘డియర్ మిక్స్’ అని సరిగ్గానే మొదలై, రెండో పేరాలో ‘హిస్ పెన్షన్’ అంది. మూడోది ఈ పెన్షనరు ఆర్థిక సలహాదారుకు వెళ్ళింది, అందులో ఆసాంతం ‘హీ’. జీవితమంతా రికార్డులో మిసెస్‌గా ఉన్న మనిషికి ‘హిస్’ అని ఉత్తరం రావడం చూసి ఆ పెన్షనరు తనను ఎగతాళి చేస్తున్నారనుకున్నారు. పథకం లోపలి వివాద పరిష్కార పద్ధతి కింద ఫిర్యాదు పెట్టారు. అక్కడ తేలకపోతే తర్వాతి మెట్టు పెన్షన్స్ ఆంబుడ్స్‌మన్, అంటే పెన్షన్ ఫిర్యాదులు విని తేల్చే స్వతంత్ర అధికారి.

మొదటి ప్రయత్నం: జాబితాకు ఒక మాట కలపడం

మిక్స్ అన్న మాటను జాబితాలో చేర్చి ఊరుకోవడమే ఆ మూడు ఉత్తరాలకూ మూలం. అది ఎందుకు పనిచేయలేదో తెలియాలంటే గడి వెనక ఏముందో చూడాలి.

రికార్డులో లింగం అనే గడి కూడా ఉంది. కానీ దాన్ని ఎవరూ నింపరు. టైటిల్‌ను బట్టి సాఫ్ట్‌వేరే నింపుకుంటుంది: మిస్టర్ అయితే ఎం, మిసెస్, మిస్, మిజ్ అయితే ఎఫ్. డాక్టర్ అయితే ఆపరేటర్‌ను అడుగుతుంది. మరే టైటిల్ వచ్చినా, అసలు టైటిలే లేకపోయినా, ఎం. ఈ చివరి నియమం ఎవరు ఎందుకు పెట్టారో పత్రాల్లో లేదు. ఖాళీ గడి ఉంటే ప్రోగ్రాం ఆగిపోతుందని ఏదో ఒకటి పెట్టి ఉంటారు. ఉత్తరం మూసల్లోని ‘హీ, హిమ్, హిస్’ ఈ లింగం గడి నుంచి వస్తాయి. అందుకే మిక్స్ పెట్టగానే ఎఫ్ కాస్తా ఎం అయింది, ‘హర్’ కాస్తా ‘హిస్’ అయింది.

ఉత్తరంలో తప్పు పడితే క్షమాపణతో పోతుంది. ఈ కేసులో అంతకన్నా బరువైనది నెలవారీ చెల్లింపుకు ముందు తీసే తేడాల రిపోర్టులో బయటపడింది: ఆ పెన్షనరు పెన్షన్ పెంపు అంకె మారిపోయింది. కారణం గ్యారంటీడ్ మినిమం పెన్షన్, వాడుకలో జీఎంపీ. 1978 ఏప్రిల్ 6 నుంచి 1997 ఏప్రిల్ 5 వరకు ప్రభుత్వ అదనపు పెన్షన్ నుంచి బయట ఉన్న పథకాల్లో పనిచేసినవాళ్ళకు పథకం ఇవ్వాల్సిన కనీస మొత్తం అది. చట్టం ప్రకారం అది ఆడవాళ్ళకు 60 ఏళ్ళకు, మగవాళ్ళకు 65 ఏళ్ళకు మొదలవుతుంది. ఆ వయసు వచ్చాక జీఎంపీ భాగానికి ఒక పెంపు నియమం, మిగతా పెన్షన్‌కు మరొకటి. లింగం గడి ఎఫ్ నుంచి ఎం కాగానే సాఫ్ట్‌వేర్‌కు ఈ పెన్షనరు జీఎంపీ ఇంకా మొదలే కానట్టు కనిపించింది. దాంతో మొత్తం పెన్షన్‌ను ఒకే నియమం కింద పెంచేసింది.

దాని వెనకే ఇంకొకటి. పెన్షన్ చెల్లించే ప్రతిసారీ బ్రిటన్ పన్నుల శాఖకు వెళ్ళే ఎలక్ట్రానిక్ సమర్పణలో లింగం గడి ఉంటుంది, అందులో ఎం లేదా ఎఫ్ మాత్రమే పెట్టాలి. అన్నేళ్ళూ ఎఫ్ అని వెళ్ళిన మనిషికి ఈ నెల ఎం అని వెళ్ళబోయింది. తేడాల రిపోర్టు చెల్లింపు ముందే తీస్తారు కాబట్టి ఆగింది.

ఇంకో రెండు చోట్ల కూడా మిక్స్‌తో చిక్కు వచ్చింది. ఉత్తరాలు అచ్చువేసే బయటి ప్రెస్ తన ఫైల్లో టైటిల్‌ను సొంత జాబితాతో సరిచూస్తుంది, అందులో లేని మాట వస్తే ఆ ఉత్తరం పక్కకు పోతుంది. మరణాల నమోదుతో సభ్యుల పేర్లను పోల్చే ప్రోగ్రాం పేరు ముందున్న మిస్టర్, మిసెస్, మిస్, మిజ్, డాక్టర్ మాటలను కోసేసి పోలుస్తుంది. మిక్స్ దాని కోత జాబితాలో లేదు. దాంతో ‘మిక్స్’ను సభ్యుల మొదటి పేరనుకుంది. అంటే ఆ మనిషి పోయినా ఈ పథకానికి తెలిసే దారి మూసుకుపోయింది. టైటిల్ జాబితా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క చోటే ఉంటుందనుకోవడమే ఇలాంటి పనుల్లో మొదటి పొరపాటు లెక్క. వెతికితే ఇక్కడ ఆరు చోట్ల ఆరు రకాల జాబితాలు దొరికాయి.

రెండో ప్రయత్నం: వెతికి మార్చేయడం

బ్రిటన్ వైపు మేనేజర్లు తొందరపడ్డారు. లింగం గడితో పనిలేకుండా మూసలన్నిటిలో హీ, షీ ఉన్నచోటల్లా దే పెట్టేద్దామన్నారు. వర్డ్‌లో వెతికి మార్చే పని, ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. ఫలితం ఇంగ్లీషు చదివే ఎవరికైనా కంట్లో నలుసే.

మొదటిది క్రియ. ‘హీ ఈజ్’ కాస్తా ‘దే ఈజ్’ అయింది, ‘షీ హాజ్’ కాస్తా ‘దే హాజ్’ అయింది. ఒక్క మనిషి గురించే అయినా దే వెంట ఆర్, హావ్, వర్ రావాలి. రెండోది ‘హర్’. అది రెండు పనులు చేసే మాట: ‘ఆమెను’ అన్నచోట దెమ్ రావాలి, ‘ఆమె యొక్క’ అన్నచోట దెయిర్ రావాలి. యంత్రానికి ఆ తేడా తెలియదు, ‘వుయ్ రోట్ టు దెయిర్’ అని రాసింది. హిస్‌కూ అదే గతి, ఒకచోట దెయిర్, ఒకచోట దెయిర్స్. మూసలు రాసిన పాతవాళ్ళు జాగ్రత్తగా ‘హిస్ ఓర్ హర్’ అని రాసినచోట ‘దెయిర్ ఓర్ దెయిర్’ అని వచ్చింది.

వ్యాకరణం తప్పులు కంటికి కనిపిస్తాయి కాబట్టి దిద్దొచ్చు. కనిపించనిది అర్థం తారుమారు. లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ ఉత్తరాల్లో సభ్యులు ఒకరు, వాళ్ళ తరఫున వ్యవహరించే అటార్నీ మరొకరు. అసలు మూసలో సభ్యులకు షీ, అటార్నీకి హీ ఉండేవి. రెండూ దే అయ్యాక ‘వాళ్ళు సంతకం చేయాలి’ అన్నచోట ఎవరు చేయాలి? సభ్యులా, అటార్నీనా, ఇద్దరూనా? ఇద్దరు అటార్నీలు ఉమ్మడిగా వ్యవహరించాల్సిన కేసులూ ఉంటాయి గనక ‘ఇద్దరూ’ అన్న అర్థం అసాధ్యమేమీ కాదు. ఆ మూస బయటికి వెళ్ళి ఉంటే ఫారాలు తప్పు సంతకంతో తిరిగొచ్చేవి. పరీక్షగా తీసిన ప్రతుల్లోనే ఇది తేలడంతో మార్పులన్నీ వెనక్కి తీసుకున్నారు.

‘హీ స్లాష్ షీ’ అన్న మాట కూడా వచ్చింది, ఎక్కువసేపు నిలవలేదు. హీ కాదు, షీ కాదు అని అడిగిన మనిషికి ఆ రెండూ కలిపి పంపడం జవాబు కాదు.

మూడో ప్రయత్నం: ‘డియర్ మెంబర్’

టైటిలే వద్దు, అందరికీ ‘డియర్ మెంబర్’ అని పంపుదామన్నది మూడోది. లింగం గొడవ లేదు, నిజమే. కానీ పేరు లేని సంబోధనతో వచ్చే ఉత్తరాన్ని, మెయిల్‌ను అనుమానించమని బ్రిటన్ బ్యాంకులు ఏళ్ళ తరబడి జనానికి చెబుతున్నాయి. పెన్షన్ పేరిట మోసాలు ఎక్కువైన చోట పథకమే ఆ రూపంలో రాస్తే, అసలు ఉత్తరాలు చెత్తబుట్టకు పోతాయి. రెండో అభ్యంతరం ఇంకా సూటిది: ఒకరు తన టైటిల్ గౌరవించమని అడిగితే అందరి టైటిల్సూ పీకేయడం ఆ ఒకరి మీద నేరం మోపడమే. కొత్త మూసలు చూపించినప్పుడు ఫిర్యాదు చేసిన పెన్షనరు కూడా ఇదే అన్నారు.

పనిచేసింది: మూడు గడులు, మూడు వేర్వేరు ప్రశ్నలు

ఇక్కడ తీసుకున్న నిర్ణయమే ఈ కేసు మొత్తానికి ఇరుసు. టైటిల్, చట్టపరమైన లింగం, సర్వనామం ఒకదాని నుంచి ఒకటి పుట్టేవి కావు. మూడింటినీ విడదీసి, ఒక్కో గడికి అది అసలు ఎందుకు కావాలో రాయించారు. కారణం రాయలేని గడి ఉండకూడదన్నది షరతు.

చట్టపరమైన లింగం: జీఎంపీ లెక్కకూ పన్ను సమర్పణకూ కావాలి. ఈ రెండూ తప్ప దాన్ని చదివే ప్రోగ్రాం ఇంకేదీ ఉండకూడదు. పథకంలో చేరినప్పటి పత్రాల నుంచి ఒకసారి నింపుతారు, ఆ తర్వాత తాళం. టైటిల్ మారితే ఇది కదలదు. మార్చాలంటే ఇద్దరు మేనేజర్ల అనుమతి, కారణం నమోదు. ఉత్తరాల మూసలకు ఈ గడి కనిపించనే కనిపించదు.

టైటిల్: సభ్యులు చెప్పింది. ఖాళీగా వదిలేయొచ్చు. ఖాళీగా ఉంటే ఖాళీయే, దాని వెనక ఊహ ఉండదు. ఇది ఐచ్ఛికం కావాలా అని న్యాయ విభాగం అడిగినప్పుడు ఒక తీర్పు పనికొచ్చింది. ఫ్రాన్స్‌లో రైలు టికెట్లు కొనేవాళ్ళు మిస్యూ, మదామ్‌లలో ఒకటి తప్పనిసరిగా ఎంచుకోవాల్సి రావడం మీద వచ్చిన కేసులో (సి-394/23) ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2025 జనవరి 9న తీర్పు చెప్పింది: టికెట్ అమ్మడానికి ఆ వివరం అనివార్యం కాదు, పేరుతో సంబోధించినా సరిపోతుంది. బ్రెగ్జిట్ తర్వాతి తీర్పు కాబట్టి బ్రిటన్‌లో దానికి కట్టుబడాల్సిన పని లేదు. కానీ అవసరమైనంత సమాచారమే తీసుకోవాలన్న నియమం బ్రిటన్ డేటా చట్టంలోనూ అదే మాటల్లో ఉంది.

సర్వనామం: కొత్త గడి, ఎవరైనా చెబితేనే నింపేది. ఫారంలో అడగరు. సభ్యులందరి చేతా చెప్పిస్తే, చెప్పడానికి ఇష్టం లేనివాళ్ళకు అదో ఇబ్బంది. ఈ గడిని ఎంత తక్కువ వాడాల్సి వస్తే మూసలు అంత బాగున్నట్టు.

సంబోధన నియమం రెండు వాక్యాల్లోకి వచ్చింది. టైటిల్ ఉంటే డియర్, టైటిల్, ఇంటిపేరు. లేకపోతే డియర్, పూర్తి పేరు.

మొదటి వాక్యం తెలుగువాళ్ళ పేర్ల దగ్గర కాస్త తడబడింది. పథకంలో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు సభ్యులూ ఉన్నారు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల కొందరి రికార్డులో ఇంటిపేరు గడిలో ‘వెంకట’ కూర్చుంది. టైటిల్ లేకుండా పూర్తి పేరు రాస్తే వరస ఎలా ఉన్నా మనిషి తన పేరు గుర్తుపడతారు, ‘డియర్ మిస్టర్ వెంకట’ కన్నా నయమే. పేరును బట్టి ఆడా మగా ఊహించడం ఎందుకు పనికిరాదో చెప్పడానికీ మన పేర్లే పనికొచ్చాయి. కిరణ్ అన్న పేరు మన దగ్గర ఎక్కువగా మగపిల్లలకు పెడతారు, బ్రిటన్‌లో పంజాబీ కుటుంబాల్లో ఆడవాళ్ళకు సాధారణం. సాయి, మణి ఇద్దరికీ ఉన్నాయి.

ఉత్తరాల భాష

సభ్యులకే రాసే ఉత్తరాల్లో మూడో పురుష సర్వనామం అసలు అక్కర్లేదు. ‘యూ’ చాలు. పాత మూసల్లో ‘ద మెంబర్ మస్ట్ సైన్ హిస్ ఫామ్’ అని ఉండటానికి కారణం మర్యాద కాదు, అవి పథకం నియమావళి నుంచి ఎత్తి రాసినవి కావడమే. ‘యూ మస్ట్ సైన్ ద ఫామ్’ అన్నాక హిస్ పోయింది, ఉత్తరమూ చదివేలా తయారైంది. మూసల్లో అత్యధిక భాగం ఈ ఒక్క మార్పుతోనే తేలిపోయాయి.

నియమావళి, సలహాదారులకూ న్యాయవాదులకూ వెళ్ళే ఉత్తరాలు మిగిలాయి. చట్టాల ముసాయిదాలో హీ అంటే షీ కూడా అన్న పాత పద్ధతిని వదిలేస్తున్నట్టు బ్రిటన్ ప్రభుత్వం 2007లో ప్రకటించింది. అప్పటి నుంచి ముసాయిదాకారులు వాడుతున్న ఉపాయాలనే ఇక్కడా ఈ వరసలో వాడారు. ముందు సర్వనామం అసలు లేకుండా వాక్యం నిలబడుతుందా చూడాలి: ‘హిస్ ఫామ్’ బదులు ‘ద ఫామ్’. నిలబడకపోతే ‘ఇఫ్ ఎ మెంబర్ డైస్, హీ...’ లాంటి షరతును ‘ఎ మెంబర్ హూ...’ అని మలచాలి. అదీ కుదరకపోతే నామవాచకాన్నే మళ్ళీ రాయాలి, రెండుసార్లు ‘ద మెంబర్’ అన్నా తప్పులేదు. బహువచనంలోకి మార్చడం నాలుగోది, అయితే హక్కులు ఒక్కొక్కరివి అయినచోట అది ప్రమాదం. ఇవన్నీ అయ్యాకే ఏకవచన దే.

‘విడో, విడోయర్’ ఉన్నచోట ‘సర్వైవింగ్ స్పౌస్ ఓర్ సివిల్ పార్ట్‌నర్’ పెట్టారు, జీఎంపీ పేరాలో తప్ప. అక్కడ భార్యకు వచ్చేదానికీ భర్తకు వచ్చేదానికీ చట్టమే తేడా పెట్టింది. భాష సమం చేస్తే లెక్క తప్పుతుంది. ఆ పేరాను ముట్టుకోకూడదని మూసలోనే వ్యాఖ్య రాసిపెట్టారు, ఎందుకంటే తర్వాత వచ్చే ఉత్సాహవంతులు మొదట దిద్దేది దాన్నే.

దే వాడినచోట మూడు నియమాలు. పేరుతో ఏకవచన క్రియ, దేతో బహువచన క్రియ. ఒకే వాక్యంలో రెండూ వచ్చినా తప్పు కాదు: ‘అలెక్స్ హాజ్ రిటర్న్‌డ్ ద ఫామ్ అండ్ దే ఆర్ వెయిటింగ్’. వాక్యంలో ఇద్దరు మనుషులుంటే దే నిషేధం, పేరో హోదానో మళ్ళీ రాయాల్సిందే. ఒక్కరి గురించి దెమ్‌సెల్ఫ్ రాయాలా దెమ్‌సెల్వ్స్ రాయాలా అన్నదాని మీద నిఘంటువులు రెంటినీ ఒప్పుకుంటాయి. ఇక్కడ దెమ్‌సెల్ఫ్ ఎంచుకున్నారు, కారణం ఒక్కరే అన్న అర్థం స్పష్టంగా ఉండటం. ఏదో ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే ఉంచడం ముఖ్యం.

ఈ దశలో ‘ఇది తప్పు ఇంగ్లీషు కదా’ అన్న ప్రశ్న లండన్ నుంచీ వచ్చింది, హైదరాబాద్ నుంచీ వచ్చింది. చిన్నప్పటి నుంచి రెన్ అండ్ మార్టిన్ చదివినవాళ్ళకు అది సహజమైన సందేహం. ఎవరో తెలియని ఒక్కరికి దే వాడటం ఇంగ్లీషులో పద్నాలుగో శతాబ్దం నుంచి ఉంది. హీ అందరికీ వర్తిస్తుందన్నదే తర్వాత వచ్చిన వ్యాకరణవేత్తల నియమం. ఫలానా వ్యక్తి అని తెలిసీ దే వాడటం మాత్రం కొత్తది. ఆ అర్థాన్ని మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో చేర్చింది, అదే ఏడాది ఏపీఏ (అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం) శైలి పుస్తకం ఏడో కూర్పు దాన్ని సిఫార్సు చేసింది. ఒక్కరి గురించి దే ఆర్ అనడం వింతగా ఉందన్నవాళ్ళకు, ఎదుటి ఒక్కరితో ‘యూ ఆర్’ అంటున్నాం కదా అన్నది సరిపోయే జవాబు. కొత్త సర్వనామం పుట్టించొచ్చుగా అనీ ఎవరో అన్నారు. అమెరికాలో ‘థాన్’ అని 1858లోనే పుట్టించారు, వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు 1934 కూర్పులో దానికి చోటిచ్చి 1961 కూర్పులో తీసేసింది. ఏ సభ్యులైనా తమకు వేరే సర్వనామం కావాలని అడిగితే గడిలో రాసుకోవడానికి వీలుంది, మూసలు పేరుతో నడుస్తాయి.

ఫోన్లూ నోట్సూ

ఉత్తరాల కన్నా ఫోన్ కష్టమైంది. హైదరాబాద్ ఏజెంట్ నోట ప్రతి రెండో వాక్యానికీ సర్ లేదా మేడమ్ వస్తుంది. అది లింగం చెప్పడానికి అనేది కాదు, మన ‘అండీ’ చేసే పని ఆ మాటతో చేయిస్తున్నారు. తీసేయమంటే మర్యాద లేకుండా మాట్లాడమన్నట్టు అనిపిస్తుంది. వినేవైపు మాత్రం అది గొంతును బట్టి చేసిన ఊహ. అరవై దాటిన గొంతులతో ఆ ఊహ తరచూ తప్పుతుంది, మిక్స్ వాడేవాళ్ళ విషయంలోనే కాదు. నిషేధం పెడితే పనిచేయలేదు, ఏజెంట్లు తడబడి మౌనంగా ఉండిపోయారు. ఆ చోట్లలో ఏమనాలో ఇస్తే పనిచేసింది. కాల్ మొదట్లో ‘మిమ్మల్ని ఎలా పిలవమంటారు’ అని ఒక్కసారి అడగడం, తర్వాత ఆ పిలుపును కాల్ మొత్తంలో రెండు మూడుసార్లు వాడటం, మధ్యలో సర్ పడేచోట ‘థాంక్యూ ఫర్ వెయిటింగ్’, ‘సర్టెన్లీ’. పొరపాటున సర్ అనేస్తే వెంటనే సరైన పిలుపు అని ముందుకెళ్ళాలి. పొడుగాటి క్షమాపణ చెబితే ఎదుటివాళ్ళే ఊరడించాల్సి వస్తుంది. ఆటోమేటిక్ గొంతు మిక్స్‌ను ‘ఎం ఎక్స్’ అని అక్షరాలుగా చదివింది, రికార్డింగుల్లోంచి టైటిలే తీసేశారు.

కాల్ నోట్స్‌ను సభ్యులు చూడరని ఏజెంట్ల నమ్మకం. డేటా చట్టం కింద తన రికార్డు కాపీ అడిగే హక్కు సభ్యులకుంది, మామూలుగా ఒక నెలలోగా ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన పెన్షనరు ఆ కాపీ తెప్పించుకున్నారు, అందులో ‘షీ సౌండ్స్ అప్‌సెట్’ లాంటివి ఉన్నాయి. ఇప్పుడు నోట్స్ సర్వనామం లేకుండా టెలిగ్రాం ధోరణిలో రాస్తారు: మెంబర్ కాల్‌డ్, పీ60 (ఏడాది చివర ఇచ్చే పన్ను పత్రం) కాపీ కావాలి, పోస్టులో. రాయడానికీ తక్కువ సమయం పడుతోంది.

విడుదలకు ముందు పరీక్ష

ఇలాంటి పని చేసేవాళ్ళు ఈ పరీక్ష రికార్డులను తయారుచేసుకుంటే మంచిది. మిక్స్, లింగం ఎఫ్, జీఎంపీ ఉంది, వయసు 60కీ 65కీ మధ్య. మిక్స్, లింగం ఎం, అవే మిగతా వివరాలు. టైటిల్ ఖాళీ. డాక్టర్. ఒకే చిరునామాలో ఒకరు మిక్స్, ఇంకొకరు మిస్టర్, ఇద్దరూ సభ్యులు. అటార్నీ ఉన్న సభ్యులు. ఒక్క మాటే పేరున్న సభ్యులు. ప్రతి రికార్డుకూ టైటిల్ మార్చకముందూ మార్చాకా పెన్షన్ లెక్క తీసి, అంకె పైసాతో సహా కదలలేదని చూడాలి. తర్వాత ప్రెస్ ఫైలు, మరణాల పోలిక, పన్ను ఫైలు, డూప్లికేట్ వెతికే ప్రోగ్రాం, ఇవన్నీ మొదటి నుంచి చివరి దాకా నడపాలి. ఇక్కడ డూప్లికేట్ ప్రోగ్రాం చివర్లో దొరికింది. అది టైటిల్‌ను కూడా పోలికలో కలుపుతుంది, మారిన టైటిల్‌ను కొత్త మనిషి అనుకుని రెండో రికార్డు పెట్టమని సూచించింది.

చివరికి

ఫిర్యాదు పథకం లోపలి పద్ధతిలోనే, ఆంబుడ్స్‌మన్ దాకా వెళ్ళకుండా ముగిసింది. ఆ పెన్షనరుకు వెళ్ళిన జవాబులో క్షమాపణ ఒక్క పేరా. మిగతాది ఏం తప్పు జరిగింది, పెన్షన్ అంకె ఎందుకు మారబోయింది, పన్ను శాఖ ఫైల్లో లింగం ఎం లేదా ఎఫ్‌గానే ఎందుకు వెళ్ళక తప్పదు అన్న వివరణ. ఈ చివరిది దాచకుండా ముందే చెప్పాలా అని చర్చ జరిగింది. చెప్పడమే మేలని తేల్చారు, ఎందుకంటే రేపు ఆ వివరం ఇంకోచోట కనబడితే మళ్ళీ పాత గడే వాడుతున్నారనుకుంటారు.

పాత ఉత్తరాల ప్రతులను దిద్దలేదు. అవి ఆ రోజు ఏం వెళ్ళిందో చెప్పే రికార్డులు, దిద్దితే రికార్డు అబద్ధమవుతుంది. కానీ ఆర్కైవ్‌ను ఎవరు తెరవొచ్చన్నది బిగించారు. మిక్స్ కోసం కాదు: ఈ పథకంలోనే జెండర్ రికగ్నిషన్ సర్టిఫికెట్ (మారిన లింగాన్ని చట్టపరంగా గుర్తించే పత్రం) పొందిన సభ్యులు ఉండొచ్చు, వాళ్ళ పూర్వపు లింగం గురించి ఉద్యోగరీత్యా తెలిసిన విషయం బయటపెట్టడం 2004 చట్టం 22వ సెక్షన్ కింద నేరం. పాత టైటిల్స్ వరసగా కనిపించే ఆడిట్ తెర ఆ విషయాన్ని ఏ ఏజెంటుకైనా చూపించేస్తుంది. ఇప్పుడు ఆ తెర ఇద్దరు మేనేజర్లకే తెరుచుకుంటుంది, తెరిచిన ప్రతిసారీ కారణం రాయాలి.